మంగ జడ వేసుకుంటున్న పేజీ

నగరి

ప్రియమైన మామకు,

నీలా అంబులెన్స్ నడిపేవాడికి ఫోన్ మోగితే చాలు, ఎక్కడో బండి బోల్తా పడిందని గుండె ఝల్లుమంటుంది. అందుకే మనకు ఉత్తరాలే నయం. అత్త మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కరెంటు సరిగా ఉండటం లేదు, రెండు మరమగ్గాల్లో ఒకటే ఆడుతోంది.

ఒక్క మాట. నూలు బస్తా వెనక అట్ట లేని పాత పుస్తకం ఒకటి ఉండాలి, క్యాలెండర్ కాగితం చుట్టి. నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచి కనబడటం లేదు. గొప్ప పుస్తకమేం కాదు, పారేద్దామనే అక్కడ పెట్టాను. నీ దగ్గరుంటే తెరవకుండా పారెయ్యి. వేళకు అన్నం తిను.

నీ ధరణి

ఏర్పేడు

ప్రియమైన ధరణీ,

పారేసే పుస్తకాన్ని అంత భద్రంగా చుట్టి దాచేవాళ్ళుంటారా? భక్తి పుస్తకమనుకుని, బండిలో ఉంటే మంచిదని నేనే తెచ్చాను. ముందుగా తెరిచింది నాతో డ్యూటీ చేసే జయరామ్. రెండు పేజీలు చదివి, "ఏమప్పా, దినామూ సూసే నెత్తురు సాల్లేదా నీకు?" అన్నాడు. పుస్తకం నాదేనన్నాను. నీదని చెప్పడానికి నోరు రాలేదు.

ఒక రాక్షసుడు మనుషుల చర్మం ఒలుస్తుంటే కూర్చుని చదువుతున్నావా? పేజీల అంచులు నలిగిపోయాయి. ఒక్కసారి చదివిన పుస్తకం కాదది. నాకేమీ అర్థం కావడం లేదు.

యువరాజ్

నగరి

ప్రియమైన మామకు,

ఈసారి పేరు ముందు 'నీ' అని రాయలేదు నువ్వు. తల ఎత్తుకోలేకపోతున్నాను.

పెళ్ళికి ముందు పుత్తూరులో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నాను. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఎక్కడ ఏ ఘోరం వస్తుందో అంతా తెలుసు, అయినా చెయ్యి అటే పోతుంది. ఇంకో పేజీలో వస్తుంది, వస్తుంది అనుకుంటూ ఊపిరి బిగబట్టడంలో ఒక రుచి ఉంది. చెప్పడానికి సిగ్గేస్తోంది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. పోయిన నెల నువ్వు వచ్చిన రోజు, గోళ్ళ సందుల్లో నెత్తురు పోలేదని దొడ్లో రెండోసారి నీళ్ళు పోసుకున్నావు. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నేను మగ్గాల షెడ్డులో మురుకు కొరుకుతూ, ఆ కథలోని మంగను రాక్షసుడు చంపే అధ్యాయం చదువుతున్నాను. లేచి రావాలనిపించింది. కానీ అధ్యాయం అయ్యాకే వచ్చాను. "మొగుడొచ్చి ఎంతసేపాయె, యాడుండావే?" అని అత్త అడిగితే, దారం తెగిందని అబద్ధం చెప్పాను.

నువ్వు చేతులతో మోసే నెత్తురును నేను చిరుతిండితో నంజుకున్నాను. దాన్ని పొయ్యిలో వేసెయ్యి. నాతో మాట్లాడటం మాత్రం మానకు.

ధరణి

నగరి

ప్రియమైన మామకు,

పోస్టుమాన్ వెంకటముని అన్న ఇవాళ కూడా, "నీకేం రాలేదమ్మా" అని దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అత్తకు ఉన్నదంతా చెప్పేశాను. "పుస్తకానికా ఇంత ఏడుపు?" అంది. పుస్తకానికి కాదని ఆమెకెలా చెప్పను? తిట్టడానికైనా రాయి.

ధరణి

ఏర్పేడు

ప్రియమైన ధరణీ,

కోపంతో రాయకుండా ఉండలేదు. సిగ్గుతో రాయలేకపోయాను.

పొయ్యిలో వేద్దామనే తీశాను. పేజీల మధ్య నీ దారం ముక్కలు కనబడ్డాయి. చదివిన ప్రతిసారీ గుర్తుగా పెట్టుకున్నావు కదా. చంపే అధ్యాయంలోనూ ఉన్నాయి, నిన్ను ఓదార్చడానికి లేవని చెప్పను. కానీ ఎక్కువ దారాలు దానికి ముందు పేజీలోనే ఉన్నాయి. మంగ కిటికీ దగ్గర జడ వేసుకుంటూ తమ్ముణ్ణి ఆటపట్టించే చోట. మన పెళ్ళయ్యాక నువ్వు నేసిన మొదటి చీర నీలం దారం కూడా అక్కడే ఉంది.

ఆ పేజీలో ఏముందోనని మొదటి నుంచి చదివాను. మంగ చచ్చిపోయాక పుస్తకం మూసేశాను. ఉండబట్టలేక మళ్ళీ తెరిచి, ఆ జడ పేజీకి వెళ్ళాను. అక్కడ మంగ నవ్వుతూనే ఉంది.

నేనెప్పుడూ అంతా అయిపోయాకే చేరతాను ధరణీ. సైరన్ ఎంత మోగించినా అంతే. ఆ పేజీకి మాత్రం ముందే చేరాను. ఆగి ఉన్న బండిలో కూర్చుని ఏడ్చాను. జయరామ్ కంగారుపడి, "ఏమైందప్పా, ఇంట్లో ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు.

నా సిగ్గు ఇది. పోయిన నెల నా గోళ్ళలో ఉన్నది ఒక కాలేజీ పిల్ల నెత్తురు. ఆ పిల్లకూ మంగలాగే పొడుగు జడ ఉండింది. ఆసుపత్రి గేటు దగ్గరే పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుని, కోడికూర ఉందా అని అడిగాను. కాగితం మీది పిల్లకు ఏడ్చినవాణ్ణి, చేతుల్లో పోయిన పిల్లకు ఏడవలేదు. మురుకు తిన్నానని నువ్వు కుమిలిపోతున్నావు. నేను రెండోసారి కూర వడ్డించుకున్నాను.

శనివారం వస్తున్నాను. పుస్తకం తెస్తాను. దొడ్లో నీళ్ళ చప్పుడు వినబడితే అధ్యాయం ముగించుకునే రా, నేనేమీ అనుకోను. కానీ రా. గోళ్ళు కడుక్కునేటప్పుడు ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను.

నీ
యువరాజ్