పుర్రె దించిన రోజు

మధురవాడ,
మంగళవారం.

చిరంజీవి ధనశ్రీకి,

నాన్న దీవెనలు. ఇంట్లో అమ్మ, నేను బాగానే ఉన్నాం. ఆదిలాబాద్ గుట్టల్లో, సిగ్నల్ కూడా అందని ఆ తవ్వకాల దగ్గర నువ్వు క్షేమమని తలుస్తున్నాను.

నీ ఉత్తరంలో మొదట అడిగింది నువ్వు తవ్వి పంపిన పుర్రె గురించి. మూతి విరిగింది. మిగతాది నిలిచింది. రక్షణగా చుట్టూ వేసిన ప్లాస్టర్ పగిలినచోట పళ్లు కనిపించాయి. ఒక్కోటి నా చూపుడువేలంత, అంచుల్లో రంపపు నొక్కులు. ఆ జంతువు మొసళ్ల తొలితరాలకు చుట్టమనీ, కోట్ల ఏళ్ల కిందట నేలమీదే పరుగెత్తి వేటాడేదనీ నువ్వు చెబితే నవ్వేవాణ్ని. వాటిని చూశాక నవ్వు రాలేదు. మీ మేడమ్ ఆశాజ్యోతి గారు అతికించవచ్చనే అంటున్నారు.

రెండో ప్రశ్న, బరువు వేలాడుతుంటే కూలీ నూకాలు దాని కిందికి ఎందుకు వెళ్లాడని. దీనికి జవాబు రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజు పుర్రె ఉన్న పెట్టెతో లారీ మీ ల్యాబుకి వచ్చేసరికి అద్దె క్రేన్ ఆపరేటర్ ఇంకా రాలేదు. ముప్పై ఏళ్లు పోర్టులో క్రేన్ నడిపినవాణ్ని, నీ రెండేళ్ల కష్టం ఇంకొకరి చేతిలో పెట్టడమెందుకని నేనే ఎక్కాను. పెట్టె గాల్లోకి లేచాక ఒకపక్క బెల్టు జారింది. అలాంటప్పుడు మనుషులు లేనివైపు తిప్పి వదిలేయాలి. మాకు నేర్పే మొదటి పాఠం అదే. వదిలితే నీ పుర్రె ముక్కలవుతుంది.

"నూకాలూ, బెల్టు సరిసెయ్యరా!" అని అరిచాను.

"జారిపోతంది బావా, నాను రాలేను!"

"ఏటీ అవదు, నానున్నాను కదా!"

నా మాట నమ్మి వచ్చాడు. పెట్టె ఒరిగి అతని కాలిని లారీ అంచుకు నొక్కేసింది. ఆ కేక విన్నాకే తిప్పాను, వదిలాను.

మడమ నుజ్జయింది. ఇక బరువులెత్తలేడన్నారు డాక్టరు. విచారణకు వచ్చినవాళ్లతో నూకాలు, "తప్పు నాదేనండి, నానే కిందకెల్లిపోనాను" అన్నాడు. ఆసుపత్రిలో అతని మంచం పక్కనే నిలబడి, ఆ మాట రాసుకున్న కాగితం మీద నేను సాక్షి సంతకం పెట్టానమ్మా.

ఈ ఉదయం జరిగింది జరిగినట్టు రాసి మీ మేడమ్‌కి ఇచ్చాను. నా లైసెన్సు పోవచ్చు. తర్వాత నూకాలు ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పాను.

"ఇప్పుడు సెప్పినావేటి బావా? ఆ పూటే సెప్పుంటే..." అని గోడవైపు తిరిగిపోయాడు.

రేపు మళ్లీ వెళ్తాను. తలుపు తీస్తారో లేదో.

నువ్వు నీ నివేదికలో బెల్టు జారిందని రాసి ఊరుకోకు. నా పేరు రాయి.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే నాన్న,
నీలకంఠం