పై ముక్కలో పగులు

డిసెంబర్ 4, బుధవారం

ఈ డైరీ పాస్టర్ గారు ఇచ్చారు. చెయ్యి లేచినప్పుడల్లా పెన్ను పట్టుకో రాజ్ కిరణ్, అన్నారు. పోయిన వారం ప్రాక్టీసులో ట్రంపెట్ వేణు చెంప వాచేలా కొట్టాను. తాళం తప్పాడు మరి. బోధన్‌లో మా బ్యాండ్‌కి మాస్టర్‌ని నేనే, డప్పు కూడా నాదే. కోపం వస్తుంది, కొడతాను. ఇందులో రాయడానికి ఏముంది?

బాపు కొడుకులిద్దరికీ వదిలిపోయినవి రెండే. ఆయన కొట్టే చెయ్యి నాకొచ్చింది. క్లారినెట్ తమ్ముడు స్టీవెన్‌కి వచ్చింది. బాపు నన్ను దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు.

స్టీవెన్ దానికి చేసే సేవ చూస్తే ఒళ్ళు మండుతుంది. వాయించడం అవగానే ఐదు ముక్కలూ విప్పుతాడు. దారానికి కట్టిన మెత్తటి గుడ్డను గొట్టంలోంచి లాగి లోపలి తడి తుడుస్తాడు. మూతికి బిగించే రెల్లు ముక్క, రీడ్‌ని విడిగా తీసి ఆరబెడతాడు. వేళ్ళతో నొక్కే కీల కింద సిగరెట్ కాగితం పెట్టి చెమ్మ తీస్తాడు. కన్న అవ్వ కూడా మమ్మల్ని ఇంతగా తుడిచి ఉండదు.

డిసెంబర్ 7, శనివారం, ఉదయం 9

రుద్రూర్‌లో పెళ్లి. తెల్లవారుతూనే ఎదుర్కోలు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒక రౌండ్ అయ్యేసరికి డప్పు మెత్తబడింది, క్లారినెట్ శ్రుతి దిగింది. స్టీవెన్ గుడ్డ తీయబోతే, టైమ్ లేదు, ముందు టీ తాగి రా పో అని అరిచాను. కుర్చీలో పెట్టి వెళ్ళాడు.

చెరుకు ఆకు పోగేసి మంట వేశాను. డప్పు కాగుతోంది. పనిలో పని అని క్లారినెట్‌ని కూడా పక్కనే సెగకు ఆనించాను. స్టీవెన్ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని నా ముఖంలోకి చూశాడు. అన్నకు ఎంత ప్రేమో అనుకున్నాడు కాబోలు.

డిసెంబర్ 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక చూశాను. క్లారినెట్ పై ముక్కలో వేలెడు పొడవు పగులు.

ఎక్కడ పడేశావురా అన్నాను. స్టీవెన్ నేల చూశాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ నేలే. బాపు ముప్పై ఏళ్ళు కాపాడుకున్న వస్తువు! చెంప మీద ఒకటి ఇచ్చాను. రెండోది పిడికిలి. నోటి మీద పడింది. కిందపడ్డాక పక్కటెముకల్లో తన్నాను, ఎన్నిసార్లో లెక్కలేదు. అడ్డం వచ్చిన అవ్వను నెట్టేస్తే ఆమె మోచెయ్యి గడపకు కొట్టుకుంది. వాడి తెల్లచొక్కా ముందంతా రక్తం. ఒక్కసారైనా తిరిగి చెయ్యి ఎత్తలేదు వాడు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

పెన్ను గుర్తుకే రాలేదు. ఇప్పుడు రాస్తుంటే, వేలి కణుపు మీద వాడి పళ్ళు దిగినచోట మంటగా ఉంది.

డిసెంబర్ 9

అవ్వ ఊడుస్తుంటే స్టీవెన్ పై పళ్ళు రెండు దొరికాయి. వాటిని నా అన్నం పళ్ళెంలో వేసి వెళ్ళింది.

డిసెంబర్ 12, గురువారం

నిజామాబాద్ వెళ్ళాను. బ్యాండ్ వాళ్ళ సామాను బాగుచేసే రామ్‌దాస్ అనే మరాఠీ ఆయన ఉన్నాడు. క్లారినెట్‌ని బల్బు కింద తిప్పి తిప్పి చూశాడు. ఇది పడ్డది కాదు భాయ్, పడితె కీలు వంగుతయ్, ఒక్కటి సుత వంగలే, అన్నాడు. మంటకు వెట్టిండ్రా, అని అడిగాడు.

మంటకు పెడితే ఏమవుతుందన్నాను.

లోపట ఊపిరి తడికి కట్టె ఉబ్బింది, పైన సెగకు ముడుసుకున్నది, గందుకే పల్గింది, అన్నాడు. డప్పు తోలు, కాగవెడితె మోగుతది, ఇది కట్టె గద భాయ్, అన్నాడు.

అబద్ధం అంటూ కాలర్ పట్టుకున్నాను. రామ్‌దాస్ జంకలేదు. నన్ను కొడితె పగులు అతుకుతదా, అన్నాడు. వదిలేశాను. జిగురులో నల్లకర్ర పొడి కలిపి పూడ్చి, అరగదీసి ఇచ్చాడు. వాయించేటాయనకు చెప్పు, నెల దాక రోజుకు ఐదు నిమిషాలే, అన్నాడు.

వాయించేవాడు! క్లారినెట్ మూతిని పై పళ్ళకు ఆనించి పట్టుకోవాలి. ఆ పళ్ళు నా జేబులో అగ్గిపెట్టెలో ఉన్నాయి.

బస్టాండ్ వెనక గోడను కుడిచేత్తో గుద్దాను. తోలు లేచి గోడ ఎర్రబడేదాకా గుద్దాను. జనం చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

డిసెంబర్ 15, ఆదివారం

స్టీవెన్‌కి చెప్పేశాను. మంట దగ్గర పెట్టింది నేనేరా అన్నాను. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని విన్నాడు. నాకు ఎర్కనే అన్నా, అన్నాడు. చేతుల వట్టుకోంగనె సెగ తాకింది, అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదని అరిచాను. అప్పుడు కూడా అరిచాను.

ఆడ చెప్తే పందిట్లనె కొడుతుంటివి, అన్నాడు. ఇంటికాడ కొడితె నలుగురు సూడరని ఊకున్న, అన్నాడు.

డిసెంబర్ 24

క్లారినెట్ లేకుండానే క్రిస్మస్ పాటలు పాడారు. స్టీవెన్ వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నాడు. డైరీ రాస్తున్నావా అని పాస్టర్ గారు అడిగారు. రాస్తున్నానన్నాను. ప్రార్థనలో ఏమీ అడగలేదు. సిగ్గేసింది.

జనవరి 6

ఎవరూ వాయించకపోయినా రోజూ విప్పి తుడుస్తున్నాను. ఎలా తుడవాలో స్టీవెన్ గుమ్మంలో నిలబడి చెబుతాడు. లోపలికి రాడు.

జనవరి 19, ఆదివారం

కట్టుడు పళ్ళు వచ్చాయి. స్టీవెన్ ఐదు నిమిషాలు వాయించాడు. సగం గాలే పోయింది. విప్పి, ముక్కలు చాప మీద పెట్టాడు. నేను తుడుస్తానురా అని, మేకుకు ఆరేసిన గుడ్డ కోసం చెయ్యెత్తాను.

వాడు రెండు చేతులతో నోరు కప్పుకున్నాడు.