రేడియేటర్‌లో ఉప్పు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయింది కదా, మన పాత అంబాసిడర్‌ను అమ్మేద్దామనుకున్నాను. ఇంజను మరిగే బండిని ఎవరు కొంటారని ముందు మీ మెకానిక్ మస్తాన్‌ను పిలిపించాను.

విడవలూరులో, మా అన్న ఇంటి ముందు, నేను నడిపి తెచ్చిన బండి బానెట్ పొగలు కక్కుతుంటే పక్కన నిలబడి మీరన్న మాట నేను మరిచిపోలేదు. "క్లచ్ మీద కాలు తియ్యదు, ఇంజను మరక్కుండా ఎట్టుంటుంది?" అందరూ నవ్వారు. ఆ రోజు తాళాలు మీ జేబులోకి పోయాయి. పన్నెండేళ్ళు నేను వెనక సీట్లో కూర్చున్నాను. మీరు నడిపినప్పుడూ మరిగేది. అప్పుడు మాత్రం ఎండ కారణమయ్యేది.

ఫ్యాన్ బెల్టు బాగానే ఉంది. థర్మోస్టాట్‌ను వేడినీళ్ళలో వేస్తే తెరుచుకుంది. చివరికి మస్తాన్ రేడియేటర్ విప్పి, పైనుంచి నీళ్ళు పోశాడు. కింద చుక్కలుగా కారాయి. లోపలంతా తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. బండి కోసమని నేను కాలవ నుంచి మంచినీళ్ళు మోసి పెడితే, మీరు పెరట్లో బోరు పైపు పెట్టి నింపేవారు.

"విడవలూరు నుంచి వచ్చిన వారమే సారుకి చెప్పినానమ్మా, ఉప్పునీళ్ళకి పూడిపోయిందని," అన్నాడు మస్తాన్ తల ఎత్తకుండా. "అమ్మకి చెప్పబాక అన్నారు."

కొత్త రేడియేటర్ వేయించాను. ఈ ఉదయం విడవలూరు దాకా నేనే నడిపాను. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు.

బండి అమ్మడం లేదు. మీ ఫోటోను హాల్లోంచి తీసి వెనక సీట్లో పెట్టాను.