టైలర్ అడిగిన మాట

గురువారం, రాత్రి

ఇవాళ పంజాగుట్టలో, మా బ్లడ్ బ్యాంకులోనే, డాక్టరు గారితో వాదించాను. ఇంకొన్నేళ్లలో కృత్రిమ రక్తం వస్తుందట. గ్రూపు చూడక్కర్లేదట, దాతల కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదట. నాకు ఒళ్లు మండింది.

"మనిషికి మనిషి ఇవ్వడం కూడా పోతే ఇంకేం మిగులుతుందండీ?" అన్నాను.

"దాత దొరక్క పోయిన ప్రాణాలకు ఏం చెబుతారమ్మా?" అన్నారాయన.

మా మాటలు వింటూనే ఒక టైలర్ లోపలికి వచ్చాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల పిల్లలకు ఇంటర్వ్యూ ప్యాంట్లు కుడతాడు. వాళ్ల అక్కకు మా ఆసుపత్రిలోనే ఆపరేషన్. మేమిచ్చే రక్తానికి బదులు ఇంటివాళ్లెవరో ఒకరు ఇవ్వాలి కదా, అందుకని వచ్చాడు. మంచం మీద పడుకోగానే ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"దినమంతా సూదితోనే బతుకుత మేడం, గీ సూదంటేనే భయం. సార్ చెప్పిన రక్తం వస్తే మస్తు మంచిదే. గని అక్కకు ఇయ్యాల్నే కావాలె గదా," అని కళ్లు మూసుకుని చేయి చాపాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మీరు సుత ఇస్తరా మేడం?"

"బోలెడుసార్లు ఇచ్చాను. ఏమీ కాదు," అన్నాను.

ఆ మాటకే ధైర్యం తెచ్చుకున్నాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు.

తొమ్మిదేళ్లుగా అందరికీ సూది గుచ్చుతున్నాను. డాక్టరు గారితో అంత గట్టిగా వాదించిన నేను ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నాదీ ఆ టైలర్ భయమే. ఆ కృత్రిమ రక్తం తొందరగా రావాలని అందరికంటే ఎక్కువగా నేనే...

రేపు పొద్దున అతను అక్కను చూడటానికి మా గది ముందు నుంచే వెళ్తాడు. మళ్లీ దండం పెడతాడు.