చివరి అధ్యాయం వరుస

అచ్చుగది,
మార్చి 12, 1987

చిరంజీవి అమ్మాయికి,

అచ్చుమామయ్య ఆశీస్సులు. మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందని తెలిసి సంతోషించాం. ఇక్కడ మేం క్షేమం. మీ అత్తయ్యకు మాత్రం నా చెవుడు మీద రోజూ కోపమే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్నగారి పుస్తకం కొత్త ముద్రణకు సిద్ధం చేస్తుంటే, చివరి అధ్యాయం ఆయన నోటుబుక్కులో ఒక వరుసలో, అచ్చులో మరో వరుసలో కనిపించిందన్నావు. నోటుబుక్కులో ముందు ప్రశ్న, తర్వాత జవాబు. అచ్చులో జవాబు ముందొచ్చి, పుస్తకం ప్రశ్నతో ముగిసింది. ఆ ముగింపుకే దేశదేశాల్లో పేరొచ్చింది. ఆనాడు ప్రూఫులు దిద్దిన శిష్యుడే నాన్నకు తెలియకుండా మార్చాడని నీ అనుమానం. అతనితో మాటలు మానేశావట, ముందుమాటలోనూ రాస్తావట. తొందరపడకు.

మీ నాన్నను లోకం పెద్ద తత్వవేత్త అంటుంది. నాకు తెలిసింది సైకిలు గోడకానించి, కాగితాల కట్ట మీద కూర్చుని, రాసుకొచ్చింది చదివి వినిపించే మాస్టారు. నేను అక్షరాలు పేరుస్తూ వినేవాణ్ణి. బుర్రకెక్కలేదు మాస్టారూ అంటే, అయితే మెట్లు సరిగ్గా కట్టలేదోయ్ అని ఆ వాక్యం కొట్టేసేవారు. ఎదుటివాడి అభ్యంతరాన్ని వాడికంటే బాగా చెప్పగలిగాకే జవాబు మొదలుపెట్టాలని ఆయన పట్టు. తన మొదటి పుస్తకం తప్పంటూ తనే ఇంకో పుస్తకం రాశారు. పాతది అమ్ముడుపోక అటక మీదే ఉందండీ అంటే, పక్కనే ఇదీ పెట్టు, రెండూ పోట్లాడుకుంటాయి అన్నారు. కాలేజీ ఉద్యోగం పోయిన వారం కూడా రాతప్రతి ఇవ్వడం ఒక్కరోజు ఆలస్యం చేయలేదు.

అలాంటి మనిషి దగ్గర చదువుకున్నవాడు దొంగచాటుగా కాగితం మారుస్తాడా?

ఉంటాను.

నీ
అచ్చుమామయ్య

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. మార్చింది నేను. అచ్చుకిచ్చేటప్పుడు మాస్టారు నోటుబుక్కులోంచి ఒక్కో కాగితం మీద ఒక్కో పేరా ఎత్తి రాసేవారు, అంకెలు వేసేవారు కాదు. ఫ్యాను గాలికి ఆ అధ్యాయం నేలంతా పరుచుకుంది. ఆయన్ను అడగడానికి మొహం చెల్లక, నాకు అర్థమైన వరుసలో ఏరి పేర్చాను. శిష్యుడు ఆ వరుసలోనే తప్పులు దిద్దాడు. పాపం, అతనికేమీ తెలియదు. అచ్చయ్యాక మాస్టారు చదివి, ఇది ఎవరి పనన్నారు. ఒప్పుకున్నాను. జవాబు విన్నాక కూడా నీకు ప్రశ్న మిగిలిందన్నమాట, ఇలాగే ఉండనీ అన్నారు. రెండో ముద్రణలోనూ మార్చనివ్వలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు, నాకే నోరు రాలేదు.

ఏ వరుస ఉంచాలో నీ ఇష్టం. నా తప్పు ముందుమాటలో రాయి. అంతకంటే ముందు అతనింటికి వెళ్లు.