ఎడమ మీట

చిరంజీవి బుడంకాయ్‌కి అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా పదహారు ఎలుకలూ కులాసా. నువ్వూ అమ్మా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు. గది బాగుందా? కిటికీ తెరిస్తే మంచం దిగే చోటుండదు, అంత బాగుంది. ఎలుకలు కరుస్తాయా? నా చేతులు చల్లగా ఉంటే కరుస్తాయి. మూడోది తర్వాత. ముందు ఇది విను, చెప్పకపోతే పేలిపోయేలా ఉన్నాను!

మా ల్యాబులో ఎలుకల్ని పరీక్షించే పెట్టెలో రెండు మీటలు. ఎడమది నొక్కితే తీపి గుళిక పడుతుంది. హుషారు మందు ఎక్కించిన ఎలుకలు రెండు రోజుల్లో ఈ కిటుకు పట్టేశాయి. ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించినవాటికి ఐదు రోజులు పట్టింది. తర్వాత గుళికను కుడి మీటకి మార్చాం. ఉప్పునీళ్లవి కాస్త తికమకపడి కుడికి వచ్చేశాయి. మందువి మాత్రం ఎడమనే టకటకా నొక్కుతూ కూర్చున్నాయి. అందులో లావుపాటిదాన్ని దొరవారంటాం. ఆయనైతే నాలుగు వందల సార్లు నొక్కారు! మీట పాడైందనుకుని మూడుసార్లు ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

"మేడమ్ గారూ, మీట బంగారంలా ఉంది. రిపేరు మీ ఎలుకకి చేయించండి" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు, మందువి చప్పున నేర్చుకుంటాయి గానీ నేర్చింది మార్చుకోలేవని. నా కేకకి ప్రొఫెసరమ్మ పరిగెత్తుకొచ్చారు. "ఎనిమిది ఎలుకలకే ఊరేగింపు తియ్యకు, మళ్లీ చేసి చూడు" అన్నారు గానీ, ఆవిడా కుర్చీ లాక్కుని గంటసేపు కదల్లేదు.

ఇక మూడోది. పరీక్షకి నిద్ర రాకుండా ఆ హుషారు మందు నాలుగు పొట్లాలు పంపమన్నావు. ఆఖరి ఏడాది జ్వరమొచ్చి నా పేపరు పోయిందన్నాను కదా? జ్వరం కాదురా. రూమ్మేట్ ఇచ్చిన ఇలాంటి హుషారు బిళ్లలే వేసుకున్నాను. ఆహా, ఏం చదివాననుకున్నావ్! ఆ పాఠం సిలబస్‌లోంచి తీసేశారని గోడ మీద నోటీసు కళ్లారా చూశాను. చూసొచ్చి మళ్లీ అదే పాఠం రెండు రోజులు బట్టీ పట్టాను. పాపం అమ్మ, జ్వరమేననుకుని హాస్టలుకొచ్చి మరీ నా నుదుటి మీద తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది.

ఇంత తెలిసీ, నువ్వు అడిగావని సోమవారం ల్యాబులో మందుల బీరువా తెరిచి నాలుగు పొట్లాలు కవర్లో పెట్టాను. దొరవారి సంగతి తేలిన రోజే తీసి లోపల పెట్టేసి, ప్రొఫెసరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ చెయ్యి చాచారు. తాళంచెవి ఇచ్చేశాను.

ఇక రోజూ పొద్దున్నే అందరి ముందూ అడిగి మందు తీయించుకోవాలి. ఇవాళ అడిగాను, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అమ్మకి నేనే రాస్తాను, నువ్వు ముందే కబురు మోసెయ్యకు. నన్ను ఎంతైనా తిట్టుకో. నిద్రొస్తే మాత్రం పడుకోరా.

ఇట్లు,
అడిగింది పంపని
నీ అక్క