బావ చూడని శిఖరం

అక్కా, ఇక్కడ ఇద్దరం క్షేమమే. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది.

ఈ కొండల పరుగులో ప్రతి శిఖరం మీదా రాళ్ల గుట్టను ముట్టుకోవాలి, నేను ముట్టుకోవడం ఇంకొకరు కళ్లారా చూసి సాక్ష్యం చెప్పాలి. అందుకేగా మీ ఆయన్ని అరువు తెచ్చుకున్నాను! పగలంతా బురదలో, బండల మీద నా వెనకే పరుగెత్తాడు, కాదనను. ఆఖరి కొండ సగంలో మోకాలు పట్టేసిందని కూలబడ్డాడు. పొగమంచులో ఒక్కదాన్నే పైకెళ్లి, రాళ్లను ముట్టుకుని దిగాను. కింద నిర్వాహకులు అడిగితే ఏమన్నాడో తెలుసా?

"మా మరదలు అబద్ధమాడదండీ. కానీ నేను చూడలేదు."

అంతే, నా పరుగు చెల్లదట! లాండ్రీలో రోజంతా నిలబడి, మళ్లీ తెల్లారకముందే లేచి చేసిన ఏడాది సాధన మట్టికొట్టుకుపోయింది. ఒక్కసారి తల ఊపితే ఏం పోయేది? పైగా "చూడనిది చూశానని ఎలా చెప్పేది మరదలా?" అని నాకే నీతులు! కార్డు మీదే రాస్తున్నా, పోస్ట్‌మ్యాన్ చదివితే చదవనీ.

అటక మీద నా పాత బూట్లున్నాయి, పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? వచ్చే నెల మళ్లీ పరుగెడతాను, ఈసారి సాక్షిగా నువ్వే రా. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.
నీ చెల్లి

పోస్టులో వేయమని కార్డు నాకే ఇచ్చింది, కింద చోటుంటే రాస్తున్నాను. మోకాలు తగ్గింది. నీ చెల్లి రాసిందంతా నిజమే. శిఖరం సంగతి మాత్రం నేను చూడలేదు.
నీ మొగుడు